సైకిలుకు ఒక పచ్చదీపం: డేవిస్ విద్యాపట్టణంలోని విలక్షణ ట్రాఫిక్ సిగ్నళ్ళు

రహదారి కూడలిలోని ట్రాఫిక్ సిగ్నల్‌ను సాధారణ ప్రయాణికుడు ఎప్పుడు పచ్చదీపం వెలుగుతుందా అన్న తొందరతోనే చూస్తాడు. అది వెలిగిన మరుక్షణం దానిని మరచిపోతాడు. అయితే తపాలా బిళ్ళలను, పాత నాణేలను సేకరించినట్లుగానే సిగ్నల్ దీపాలను సేకరించేవారు, ఊరూరా తిరిగి వాటి ఆకృతిని, అమరికను, వెలిగే క్రమాన్ని పరిశీలించి ఫోటోలు తీసుకునేవారు అమెరికాలో చెప్పుకోదగిన సంఖ్యలోనే ఉన్నారు. ఈ అభిరుచి పైకి వినోదంగానే కనిపించినప్పటికీ, వారు పరిశీలించే విషయం మాత్రం ప్రజల ప్రాణాలకు సంబంధించినది. ఒక కూడలిలో ఉన్న సమయాన్ని ఎవరెవరికి ఎన్నేసి సెకన్ల చొప్పున పంచాలి, ఎవరిని ఎవరి దారికి అడ్డు రాకుండా ఆపాలి అన్న ప్రశ్నకు ప్రతి సిగ్నల్ ఒక సమాధానమే. ఆ ప్రశ్నకు మిగిలిన పట్టణాలకు భిన్నమైన సమాధానం చెప్పిన పట్టణంగా కాలిఫోర్నియా రాష్ట్రంలోని డేవిస్‌ను పేర్కొనవచ్చు.

డేవిస్ పట్టణం కాలిఫోర్నియా రాజధాని శాక్రమెంటోకు పడమటి దిక్కున సుమారు 25 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. 2020 జనగణన ప్రకారం దీని జనాభా 66,850. ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో విశ్వవిద్యాలయ వ్యవసాయ క్షేత్రంగా ప్రారంభమైన ఇక్కడి విద్యాసంస్థ 1959లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు పూర్తిస్థాయి ప్రాంగణంగా రూపొందినది. నేల చదును. ఎండలు మెండు. విద్యార్థులు అధికం. ఇటువంటి చోట సైకిలు సహజ వాహనం కావడంలో ఆశ్చర్యం లేదు. ప్రాంగణ రెండవ ఛాన్సలర్ ఎమిల్ మ్రాక్ వాస్తుశిల్పులకు ఇచ్చిన సూచనలలోనే చెట్ల నీడలతో, సైకిళ్ళ రాకపోకలకు అనువుగా ప్రాంగణం ఉండాలన్న ఆలోచన ఉన్నది. ప్రాంగణం నడిబొడ్డున మోటారు వాహనాల సంచారాన్ని నిషేధించారు. అక్కడి సైకిలు కూడళ్ళలో సిగ్నళ్ళకు బదులు చిన్న వృత్తాకార దీవులు దర్శనమిస్తాయి. సైకిళ్ళన్నీ వాటిని చుట్టి వెళ్ళవలసిందే. పట్టణ అధికార చిహ్నంపై సైతం పెద్ద ముందు చక్రం గల పాతకాలపు సైకిలు బొమ్మే ఉండడం గమనార్హం.

పట్టణ వీధులలో సైకిలుకు చోటు దక్కడం మాత్రం అంత సులభంగా జరగలేదు. ఆర్థికశాస్త్ర ఆచార్యుడు ఫ్రాంక్ చైల్డ్ కుటుంబం నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో కొంతకాలం నివసించి 1960 దశకం తొలినాళ్ళలో తిరిగివచ్చిన పిమ్మట, అక్కడ చూసిన సైకిలు బాటలు ఇక్కడ ఎందుకు ఉండరాదని ప్రచారం ప్రారంభించినది. పట్టణ పాలకవర్గం తొలుత ఈ ప్రతిపాదన పట్ల ఆసక్తి చూపలేదు. 1966 పురపాలక ఎన్నికలలో ఇదే ప్రధాన చర్చనీయాంశమై, సైకిలు బాటలను సమర్థించిన అభ్యర్థులు విజయం సాధించారు. రోడ్డుపై గీత గీసి సైకిలుకు వేరే భాగం కేటాయించే అధికారం పట్టణాలకు లేనందున రాష్ట్ర చట్టంలో మార్పు సైతం అవసరమైనది. చివరికి 1967లో ఏర్పాటైన ఆ గీతలే అమెరికాలో మొట్టమొదటి అధికారిక సైకిలు లేన్లుగా పరిగణన పొందుతున్నాయి. ఒక గీత గీయడానికి ఎన్నికలు, శాసనసభ అవసరమయ్యాయన్న విషయం పాలనా వ్యవహారాలతో పరిచయం ఉన్నవారికి వింతగా తోచకపోవచ్చు.

ఆ తొలి ప్రయోగాలలో ఒకటి సికమోర్ లేన్ అనే వీధిలో జరిగినది. సైకిళ్ళను కార్ల వరుస నుంచి కాంక్రీటు దిమ్మెలతో వేరుచేసి, కాలిబాట అంచున నడిపించారు. వీధి పొడవునా ఇది బాగానే ఉన్నది. ఇబ్బంది కూడలి వద్ద వచ్చినది. అంతవరకు వేరుగా సాగిన సైకిలు మలుపు తిరిగే కారు ముందు హఠాత్తుగా ప్రత్యక్షమయ్యేది. అందువలన ఆ పద్ధతిని విరమించి, గీతతో గుర్తించే లేన్ల పద్ధతినే విస్తరించారు. అనగా సైకిలుకు దారి ఇవ్వడం సగం పని మాత్రమేనని, దారి కూడలిని చేరిన చోటనే అసలు సమస్య మొదలవుతుందని 1967లోనే అనుభవపూర్వకంగా తెలిసివచ్చినది. దాదాపు పాతికేళ్ళ తరువాత అదే సికమోర్ లేన్ చివర, రసెల్ బులవార్డ్ అనే ప్రధాన రహదారిని కలిసే చోట, ఆ సమస్యకు వేరొక పరిష్కారం రూపుదిద్దుకున్నది.

సికమోర్–రసెల్ కూడలి

ఈ కూడలి అమరికను కొంత వివరంగా తెలుసుకోవడం అవసరం. సికమోర్ లేన్ ఉత్తరం నుంచి వచ్చి రసెల్ బులవార్డ్ వద్ద ఆగిపోతుంది. కార్లకు ఇది మూడు రోడ్ల కూడలి. ఎదురుగా దక్షిణాన రోడ్డు లేదు, విశ్వవిద్యాలయ ప్రాంగణం ఉన్నది. అయితే ప్రాంగణంలోనికి సైకిలు బాట ఉన్నది. కనుక సైకిళ్ళకు మాత్రం ఇది నాలుగు దారుల కూడలి. ఉత్తరాన ఉన్న అపార్టుమెంట్లలో నివసించే విద్యార్థులు ప్రతి ఉదయం గుంపులు గుంపులుగా ఈ చోటనే రసెల్‌ను దాటుతారు.

దీని ఫలితాన్ని ఊహించడం కష్టం కాదు. సికమోర్‌కు పచ్చదీపం వెలిగినప్పుడు కార్లన్నీ కుడికో ఎడమకో తిరగవలసిందే, వాటికి నేరుగా పోయే దారి లేదు. సైకిళ్ళన్నీ నేరుగా పోవలసిందే, వాటి గమ్యం ఎదురుగా ఉన్నది. అమెరికాలో వాహనాలు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి, సైకిళ్ళు కుడి అంచున ఉంటాయి. కుడికి తిరిగే ప్రతి కారు నేరుగా సాగే సైకిలు దారిని అడ్డంగా కోస్తుంది. ఎడమకు తిరిగే కారు ప్రాంగణం నుంచి ఎదురుగా వచ్చే సైకిలును ఎదుర్కొంటుంది. పక్కపక్కన ఉన్న ఇద్దరికీ ఒకే దీపం ఒకే క్షణంలో "వెళ్ళు" అని చెప్పడమే ఇందులోని లోపం. ఇద్దరూ నియమాన్ని పాటించినవారే, అయినా ప్రమాదం పొంచి ఉంటుంది.

మన రాష్ట్రాల పాఠకులకు ఈ దృశ్యం అద్దంలోని ప్రతిబింబం వలె పరిచితమైనదే. మనం ఎడమవైపున నడుస్తాము కనుక మన కూడళ్ళలో "ఫ్రీ లెఫ్ట్" అని వ్యవహరించే మలుపు వద్ద, నేరుగా వెళ్ళే సైకిలు, పాదచారి, ఎడమకు తిరిగే వాహనం ఒకే చోట కలుస్తారు. అక్కడ కుడి మలుపు, ఇక్కడ ఎడమ మలుపు, తేడా అంతే. ఎర్రదీపం ఉండగా ఆగి, చూసుకుని కుడికి తిరిగే వెసులుబాటు కాలిఫోర్నియాలో సాధారణంగా ఉన్నది.

1990 దశకంలో డేవిస్ పట్టణ ఇంజనీర్లు ఈ కూడలిలో సైకిళ్ళకు ప్రత్యేక దీపాలను అమర్చారు. ఎరుపు, పసుపు, పచ్చ రంగులు మూడూ మామూలువే. ప్రతి దీపపు గాజుపై గుండ్రని వెలుగుకు బదులు సైకిలు ఆకారం వెలుగుతుంది. ఐరోపాలో, ముఖ్యంగా నెదర్లాండ్స్‌లో ఇటువంటివి అప్పటికే సర్వసాధారణం. అమెరికాలో మాత్రం ఇది తొలి ప్రయత్నంగా గుర్తింపు పొందినది. అభిరుచిపరులు ఫోటోలు తీసుకునేది ఈ సైకిలు బొమ్మనే అయినా, అసలు విశేషం దాని వెనుక ఉన్న సమయ విభజనలో ఉన్నది. సిగ్నల్ చక్రంలో సైకిళ్ళకు ఒక విడి వంతును కేటాయించారు. ఆ వంతులో, సైకిలు దారిని కోసే కార్లన్నింటికీ ఎరుపే, కుడి మలుపు సైతం లేదు. సైకిళ్ళు గుంపుగా కదలి దాటిపోతాయి. ఆ తరువాత సైకిలు ఎరుపై, కార్ల వంతు వస్తుంది.

కార్ల చోదకులు అదనంగా కొన్ని సెకన్లు వేచి ఉండవలసి వచ్చిన మాట నిజం. ఈ నష్టాన్ని దాచిపెట్టకుండా లెక్కగట్టినవారు స్థానిక విశ్వవిద్యాలయ పరిశోధకులే కావడం విశేషం. ఈ కూడలిని ఆధారం చేసుకుని 2002లో ప్రచురితమైన వ్యయ–ప్రయోజన అధ్యయనంలో వాహనాల ఆలస్యం, అదనపు పొగ ఒకవైపు, తగ్గిన ప్రమాదాల విలువ మరొకవైపు ఉంచి తూచారు. ప్రమాదాల తగ్గుదల వలన కలిగిన ప్రయోజనమే ఎక్కువని తేలినది. ఒక కారు ఆక్రమించే చోట అనేక సైకిళ్ళు నిలబడగలవు, పచ్చదీపం వెలగగానే అన్నీ ఒక్కసారిగా కదలగలవు. తరగతుల మధ్య లభించే పది నిమిషాల విరామంలో ఈ సంగతి మరింత స్పష్టంగా కనిపిస్తుంది. సెకనుకు ఎన్ని వాహనాలు దాటాయన్నది కాక ఎందరు మనుషులు దాటారన్న లెక్క తీసుకున్నట్లయితే సైకిలు వంతు వృథా సమయమన్న మాట నిలవదు.

పచ్చదీపం నిడివి, నేలలోని తీగ

సైకిలుకు ప్రత్యేక దీపం లేని కూడళ్ళలో సైతం ఒక చిక్కు ఉన్నది. మామూలు సిగ్నల్ వ్యవధులను కారు వేగాన్ని దృష్టిలో ఉంచుకుని నిర్ణయిస్తారు. నిలిచి ఉన్న సైకిలు కదలి, వేగం అందుకుని, వెడల్పాటి రహదారిని దాటేలోపు అడ్డు రోడ్డుకు పచ్చదీపం రావచ్చు. కాలిఫోర్నియా ప్రమాణాలు దీనికి ఒక సులభ సూత్రాన్ని నిర్దేశించాయి. కదలడానికి 6 సెకన్లు, ఆపైన దాటవలసిన వెడల్పుకు సైకిలు పొడవు కింద 6 అడుగులు కలిపి, సెకనుకు 14.7 అడుగుల చొప్పున పట్టే కాలం. ఈ వేగం గంటకు సుమారు 16 కిలోమీటర్లకు సమానం. ఉదాహరణకు 60 అడుగుల రహదారిని దాటడానికి 66 అడుగులను 14.7 చేత భాగించగా సుమారు నాలుగున్నర సెకన్లు, మొదటి 6 కలిపి పదిన్నర సెకన్లు అవుతుంది. పచ్చ, పసుపు, ఆ తరువాత అన్ని వైపులా ఎరుపుగా ఉండే వ్యవధి మూడూ కలిసి కనీసం అంత ఉండాలి. కారుకు ఐదారు సెకన్ల పచ్చదీపం చాలుననిపించే చిన్న వీధులలో ఈ తేడాయే ప్రాణావసరం.

ఇక సైకిలు వచ్చినదని సిగ్నల్‌కు తెలిసేదెలా? అనేక అమెరికన్ కూడళ్ళలో వాహనం ఉన్నప్పుడే ఆ వైపునకు పచ్చదీపం వచ్చే ఏర్పాటు ఉన్నది. రోడ్డు ఉపరితలాన్ని సన్నగా కోసి, ఆ గాడిలో తీగను చుట్టలుగా పరచి, పైన పూత పూస్తారు. తీగలో ఏకాంతర విద్యుత్తు ప్రవహిస్తూ ఉంటుంది. లోహ వస్తువు పైకి రాగానే దానిలో సుడి ప్రవాహాలు పుట్టి తీగచుట్ట ప్రేరకత్వం తగ్గుతుంది, నియంత్రణ పెట్టె ఆ తగ్గుదలను గుర్తిస్తుంది. బరువును బట్టి సిగ్నల్ మారుతుందన్న నమ్మకం ప్రజలలో ఉన్నది కాని, దీనిలో బరువు ప్రమేయం ఏమీ లేదు. ఇనుము కాకపోయినా, అల్యూమినియం చక్రపు అంచు సైతం సరిపోతుంది. సైకిలు తీగ నడుమ కాకుండా సరిగ్గా తీగ పైన నిలవాలి. అందుకే ఎక్కడ నిలవాలో తెలిపే చిన్న సైకిలు గుర్తును రోడ్డుపై చిత్రిస్తారు. సున్నితత్వం సరిచేయని పాత తీగలపై సైకిలిస్టు ఎంతసేపు నిలిచినా ఎర్రదీపం మారదు, విసిగి దాటబోతే నేరమూ అతనిదే, ప్రమాదమూ అతనిదే. ఈ అన్యాయాన్ని సరిదిద్దే నిమిత్తం కాలిఫోర్నియా శాసనసభ 2007లో ఒక చట్టం చేసినది. దాని ప్రకారం కొత్తగా అమర్చే, లేదా మార్చే ఇటువంటి సిగ్నళ్ళన్నీ సైకిళ్ళను, మోటారు సైకిళ్ళను గుర్తించగలిగి ఉండాలి.

అభ్యంతరాలు

సైకిలు సిగ్నల్‌ను అందరూ స్వాగతించలేదు. కాలిఫోర్నియాకే చెందిన సైకిలు రచయిత జాన్ ఫారెస్టర్, ఆయన అనుయాయులు సైకిలిస్టును ఇతర వాహన చోదకులతో సమానంగా భావించాలని, వేరు బాటలు, వేరు దీపాలు అతనిని రెండవ శ్రేణి ప్రయాణికునిగా మారుస్తాయని దశాబ్దాల పాటు వాదించారు. ఈ వాదనను తేలికగా తోసిపుచ్చరాదు. కూడలిని దృష్టిలో ఉంచుకోకుండా వేసిన వేరు బాట ఎంత ప్రమాదకరమో 1967 నాటి సికమోర్ లేన్ ప్రయోగమే తెలిపినది. అయితే అనుభవజ్ఞుడైన యువ సైకిలిస్టు కార్ల నడుమ నెగ్గుకురాగలడేమో కాని, బడికి వెళ్ళే పిల్లవాడు, తొలి వారంలోనే సైకిలెక్కిన కొత్త విద్యార్థి ఆ పని చేయగలరా అన్నది డేవిస్ అధికారులు వేసుకున్న ప్రశ్న.

మరొక అభ్యంతరం సాంకేతికమైనది. దూరం నుంచి చూసినప్పుడు సైకిలు బొమ్మ పచ్చని చుక్క వలె కనిపించి, కారు చోదకుడు దానిని తనదే అనుకుని ముందుకు కదిలే ప్రమాదం ఉన్నది. అందువలన దీపం కింద అది సైకిలు సిగ్నల్ అని తెలిపే పలకను అమర్చడం తప్పనిసరి అయినది. ఇదే విధమైన జాగ్రత్త వలన కేంద్ర అనుమతి లభించడంలో జాప్యం జరిగినది. అమెరికాలో ట్రాఫిక్ సంకేతాలన్నీ కేంద్ర రహదారుల పరిపాలనా విభాగం ప్రచురించే ఏకరూప సంకేతాల గ్రంథాన్ని అనుసరించి ఉండాలి. ఆ గ్రంథంలో సైకిలు దీపం లేదు. డేవిస్‌లో మొదలైన రెండు దశాబ్దాల తరువాత, 2013 డిసెంబరులో ఆ విభాగం తాత్కాలిక ఆమోదం తెలిపినది. సైకిలు పచ్చగా ఉన్నంతసేపు దాని దారిని కోసే ఏ మోటారు వాహన కదలికకూ అనుమతి ఉండరాదన్నది ప్రధాన నిబంధన. సికమోర్–రసెల్ కూడలిలో ఇంజనీర్లు పాటించిన సూత్రమూ ఇదే.

రంగుల క్రమాన్ని గురించి ఇక్కడ ఒక మాట చెప్పుకోవడం అప్రస్తుతం కాదు. విలక్షణ సిగ్నళ్ళను గురించి మాట్లాడేవారు విశ్వవిద్యాలయం గల మరో నగరమైన న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌ను మరువరు. అక్కడ టిప్పరరీ హిల్ అనే ఐరిష్ జాతీయుల పేటలో, టాంప్కిన్స్ వీధి, మిల్టన్ అవెన్యూ కలిసే చోట పచ్చదీపం పైన, ఎర్రదీపం కింద ఉంటాయి. 1920 దశకంలో మామూలు పద్ధతిలో సిగ్నల్ అమర్చగా, బ్రిటన్‌కు సంకేతమైన ఎరుపు ఐర్లండ్‌కు సంకేతమైన పచ్చపై ఉండడాన్ని సహించక పేటలోని కుర్రవాళ్ళు రాళ్ళతో పదే పదే పగులగొట్టారని, చివరికి నగర అధికారులే లొంగివచ్చారని స్థానికుల కథనం. ఆ రాళ్ళు రువ్వినవారి స్మారకార్థం 1997లో అక్కడ ఒక చిన్న స్మారకాన్ని సైతం నెలకొల్పారు. వినడానికి ముచ్చటగా ఉన్నా, ఎరుపు, పచ్చ తేడా తెలియని వర్ణాంధులు దీపపు స్థానాన్ని బట్టే ఆగుతారు, కదులుతారు. ఐరోపా సంతతి పురుషులలో ఇటువంటివారు దాదాపు 8 శాతం. డేవిస్‌లో దీపపు ఆకారం మారినది కాని క్రమం మారలేదు. అది అభిమానం కోసం చేసిన మార్పు కాదు, అవసరం కోసం చేసినది.

2015లో డేవిస్‌లోని కోవెల్ బులవార్డ్–జె స్ట్రీట్ కూడలిని నెదర్లాండ్స్ పద్ధతిలో పునర్నిర్మించారు. మూలలలో చిన్న దిమ్మె దీవులను కట్టి, మలుపు తిరిగే కారు నిదానించి సైకిలును ఎదురుగా చూసేలా దారిని మలిచారు. అమెరికాలో ఇటువంటి తొలి కూడళ్ళలో ఇది ఒకటి. 2005లో అమెరికన్ సైకిలిస్టుల సంఘం ఇచ్చిన ప్లాటినం గుర్తింపును తొలిసారిగా అందుకున్న పట్టణమూ డేవిస్సే. 2010 దశకపు సర్వేలలో పట్టణంలోని ఉద్యోగులలో సుమారు ఐదో వంతు సైకిలుపై పనికి వెళుతున్నట్లు తేలినది. అంతకుముందటి దశాబ్దాలలో ఈ వాటా మరింత ఎక్కువగా ఉండేది. దీపాలు, దీవులు ఉన్నంత మాత్రాన సైకిళ్ళ సంఖ్య దానంతటదే నిలిచి ఉండదని దీనిని బట్టి గ్రహించవచ్చు.

మన దేశంలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ సైకిలు బాటల రూపకల్పనపై ఐఆర్‌సీ:11 అనే ప్రమాణాన్ని 1962లోనే, అనగా డేవిస్ తొలి గీతకు ఐదేళ్ళ ముందే ప్రచురించినది. 2015లో దానిని సవరించినది. హైదరాబాదు బాహ్యవలయ రహదారి వెంట 23 కిలోమీటర్ల పొడవున, సౌర ఫలకాల కప్పుతో నిర్మించిన సైకిలు బాట 2023లో ప్రారంభమైనది.

అదే 2023 డిసెంబరులో అమెరికా ఏకరూప సంకేతాల గ్రంథపు 11వ ముద్రణ వెలువడినది. సైకిలు దీపం అందులో పూర్తిస్థాయి ప్రామాణిక సంకేతంగా చేరినది. దానితో, 2013 నాటి ఏర్పాటు కింద ప్రతి పట్టణమూ కేంద్రానికి విడిగా లేఖ వ్రాసి తాత్కాలిక అనుమతి పొందవలసిన అవసరం తొలగిపోయినది.